ముందు మంచినీళ్లు

ఆయన్ని చివరిసారి చూడటానికి వెళ్లిన ఫ్యునరల్ హోమ్‌లో, గుమ్మం పక్కన బల్ల మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పేర్చి ఉన్నాయి. దాహమైనవాళ్లు తీసుకుంటున్నారు, కానివాళ్లు పక్కనుంచి వెళ్లిపోతున్నారు. ఏర్పాటు బాగానే ఉంది. దాన్ని తప్పుపట్టగల మనిషి ఆ భవనంలో ఒక్కరే ఉన్నారు. ఆయన అప్పటికి ఏమీ అనే స్థితిలో లేరు.

ఆయన లెక్కలో మంచినీళ్లు తీసుకునేవి కావు, ఇచ్చేవి. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్లింటి తలుపు ఎవరు తట్టినా, "రండి, ముందు మంచినీళ్లు తాగండి" అనేవారు. ఆ రెండూ ఆయనకు ఒకే మాట, మధ్యలో ఊపిరి తీసుకునేవారు కాదు. వంటింట్లోకి ఆయనే వెళ్లి, స్టీలు గ్లాసు తీసి, కుళాయి కింద తొలిచి, నింపి, అడుగున అరచెయ్యి ఆనించి తెచ్చేవారు. మనం తాగి గ్లాసు వెనక్కిచ్చేదాకా ఎదురుగా నిలబడేవారు. ఈ మర్యాద నుంచి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ బాగుచేయడానికి వచ్చిన తెల్లాయనకు కూడా మినహాయింపు లేదు. ఒకసారి పార్సెల్ తెచ్చినతను గ్లాసు పట్టుకుని కాసేపు అయోమయంగా చూశాడు. సంతకం పెట్టించుకోవడం లాంటిదే ఇదీ ఒక నియమం కాబోలనుకుని, తాగేసి, థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన మాకంటే పదిహేనేళ్లు పెద్ద. నెల్లూరు పక్క మనిషి. అమెరికా వచ్చి ఎన్నేళ్లయినా "చేయబాకయ్యా", "పోబాకయ్యా" అన్న మాటలు ఆయన నోట్లోంచి పోలేదు. ఆఫీసు మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడుతున్నప్పుడు కూడా అవి లోపల ఎక్కడో మెదులుతుండేవని నా అనుమానం. మేమంతా ఆయన్ని అన్నగారు అనే పిలిచేవాళ్లం.

ఒక కార్ల కంపెనీలో ఆయనకు చిత్రమైన ఉద్యోగం. కొత్త కారు మీద గొట్టాలతో వాన కురిపిస్తారు. ఈయన టార్చి పట్టుకుని లోపల కూర్చుంటారు. ఎక్కడైనా చుక్క పడితే, అది ఎటునుంచి వచ్చిందో కనిపెట్టాలి. రిటైరయ్యేదాకా చేసిన పని అదే. "వాననీళ్లు కారులోకి ఎట్లా దూరతాయో చూడటానికి ఇంజనీరింగ్ చదివి, మాస్టర్స్ చేసి, వీసా తెచ్చుకుని వచ్చానయ్యా" అనేవారు. గర్వంగా అనేవారో, మరోలా అనేవారో ఎన్నిసార్లు విన్నా తేలలేదు. కొత్తగా చేరినవాళ్లు తడిసిన కార్పెట్ చూపించి "ఇక్కడే సార్ లీకు" అంటే ఆయన తల అడ్డంగా ఊపేవారట. "తడి కనపడే చోట చిల్లు ఉండదు. నీళ్లు ఎక్కడో దూరి, నడిచొచ్చి, ఇక్కడ బయటపడతాయి. వెనక్కి నడువు."

వెనక్కి నడవడం ఆయనకు ఆఫీసులో పట్టుకున్న జబ్బు. అడవిలో ముదిరింది.

అడవి సంగతి చెప్పాలి. మిషిగన్‌లో నవంబరు మధ్యలో జింకల వేట మొదలవుతుంది. ఆ రోజున కార్ల కంపెనీల్లో జ్వరాలు, అత్తగారి ఆపరేషన్లు, పంటి నొప్పులు ఒక్కసారిగా పెరుగుతాయి. ఈ సంగతి తెలియని తొలి రోజుల్లో ఆయన సరిగ్గా ఆ ఉదయమే పెద్ద మీటింగ్ పెట్టి, గదిలో ఒక్కరే కూర్చుని, గోడకు స్లైడ్లు చూపించుకున్నారట. మరుసటేడు వాళ్లతోనే అడవికి వెళ్లారు. అలా అలవాటైంది. ఆ తర్వాత మా ఇద్దర్ని లాగారు. ఒకణ్ని నేను, అదే కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ని. రెండోవాడు కరీంనగర్ శ్రీధర్, మా పక్క అపార్ట్‌మెంట్. వాడికి వేట మీద నిజంగానే ఆసక్తి ఉంది. షుగరు కూడా ఉంది.

పెద్ద వంతెన దాటి ఉత్తరానికి, రోడ్డు మట్టిబాట అయ్యేదాకా వెళ్లి, కారు వదిలేసి, సామాను వీపున వేసుకుని ఒక పూట నడక. అక్కడ గుడారం. వేట శ్రీధర్‌ది, వంట నాది. ఆయన భుజానా తుపాకీ ఉండేది, ఒంటి మీద వేటగాళ్ల ఆరెంజ్ జాకెట్టూ ఉండేది. కానీ ఆయన వెతికేది జింకను కాదు. చెప్పాలంటే, మా అందరి వల్ల కలిపి ఇన్నేళ్లలో ఏ జింకకూ చెప్పుకోదగ్గ అపకారం జరగలేదు.

"అన్నా, రెండు కేసులు నీళ్ల బాటిల్స్ మోసుకపోతె అయిపోవు గదా, ఈ లొల్లంత ఎందుకు?" అన్నాడు శ్రీధర్ మొదటేడు.

"మోస్తావా?"

"మోస్త."

"అయితే తుపాకీ, గుడారం, బియ్యం ఇంట్లో పెట్టేసి రా. నీళ్లు తాగి కూర్చుందాం."

నీళ్ల విషయంలో ఆయనది పెళ్లిసంబంధం చూసే పద్ధతి. ముఖం చూసి ఒప్పుకోరు. ఆ ప్రాంతంలో వాగులు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. అది చూసి నేను భయపడితే, "అది ఆకుల రంగయ్యా, దాంతో పేచీ లేదు. తళతళలాడుతుంటే అప్పుడు కనుక్కోవాలి" అన్నారు. కనుక్కోవడమంటే వాగు వెంట పైకి నడవడం. ఒడ్డున చెట్లు పెన్సిల్ చెక్కినట్టు కొరికి ఉన్నాయేమో చూడాలి. ఉంటే పైన ఎక్కడో బీవర్లనే జంతువులు ఆనకట్ట కట్టుకుని కాపురం చేస్తున్నాయన్నమాట. వాటి కడుపులో పురుగు మన కడుపుకు పడదు. వేటగాళ్లు జింకను కోసి పేగులు ఒడ్డునే వదిలేశారేమో చూడాలి. ఇవేవీ లేకపోయినా, కొండ మొదట్లో ఊట ఏదైనా దొరుకుతుందేమో చూడాలి. గడ్డకట్టే చలిలో ఊట దగ్గర సన్నగా పొగ లేస్తుంటుంది. ఆయన ఆ పొగ కోసం చెట్ల మధ్య వంగి వంగి చూస్తూ పోతుంటే, దూరం నుంచి చూసినవాళ్లకు ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉండేవారు.

"ఇంకెంత దూరమన్నా, నీళ్లే గదా" అని కేకేసేవాడు శ్రీధర్ వెనకనుంచి.

"పైన ఎవరున్నారో చూడొద్దా?"

"అడివిల ఎవరుంటరన్నా?"

"అదే చూద్దామని."

తెచ్చిన నీళ్లను ఫిల్టర్లో వడకట్టేవారు. వడకట్టినవాటిని మరిగించేవారు. రెండూ అక్కర్లేదు, ఏదో ఒకటి చాలని ఫిల్టరు డబ్బా మీదే రాసి ఉంది. "అది అమ్మేవాడి నమ్మకం" అనేవారు. ఆ ఫిల్టరులో తడి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లిపోతాయి, చిట్లినట్టు పైకి తెలియదు. అందుకని దాన్ని చొక్కా లోపల, చంకలో పెట్టుకుని తిరిగేవారు, పెట్టుకునే పడుకునేవారు. "పిల్లల్ని కూడా అట్లా ఎత్తుకోలేదు" అని వాళ్లావిడ, మా వదినగారు, ఫిర్యాదుగా కాదు గానీ, ఉన్న సంగతిగా చెప్పారు.

ఇంత చేసిన నీళ్లను సీసాతో చేతికివ్వడానికి ఆయనకు మనసొప్పేది కాదు. బరువు తగ్గుతుందని టూత్‌బ్రష్ పిడి విరిచి తెచ్చుకునే మనుషులు తిరిగే అడవికి, ఆయన రెండు స్టీలు గ్లాసులు తెచ్చేవారు. సాయంత్రం మేం గుడారం దగ్గరికి రాగానే వాగు దగ్గర గ్లాసుల చప్పుడయ్యేది. గ్లాసులు నిండి వచ్చేవి. మేం తాగాక ఆయన గిన్నె ఎత్తి, మోచేయి పైకెత్తి, పెదాలకు తగలకుండా గొంతులోకి పోసుకునేవారు. మూడో గ్లాసు తెచ్చుకోవచ్చుగదా అంటే, "నేనేమన్నా చుట్టాన్నా?" అనేవారు.

నాలుగో ఏడు వేట నుంచి వచ్చిన తర్వాత, రెండో వారంలో నాకు కడుపు చెడింది. వివరాల్లోకి వెళ్లను. ప్యాంట్లు వదులయ్యాయని మాత్రం చెప్తాను. మరో సందర్భంలో అయితే సంతోషించేవాణ్ని. శ్రీధర్‌కు నాకంటే ఒక రోజు ముందు మొదలైంది. షుగరు మనిషి కావడంతో వాడి వ్యవహారం అక్కడితో ఆగలేదు. ఒంట్లో నీరు పోయి, కళ్లు తిరిగి బాత్రూమ్‌లో పడ్డాడు. వాడి భార్య సుజాత అంబులెన్స్ పిలిచింది. కిడ్నీల రిపోర్టు బాగాలేదన్నారు. డాక్టరు వాళ్లను అడిగిన మొదటి ప్రశ్న, ఈమధ్య అడవిలో నీళ్లేమైనా తాగారా అని.

ఆయనకు మాత్రం ఏమీ కాలేదు. రాయిలా ఉన్నారు. ఆ సంగతే ఆయన్ని నిలవనివ్వలేదు.

నేను కాస్త కోలుకుని ఆస్పత్రికి వెళ్లేసరికి ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, కారులో కూర్చున్నట్టే ముందుకు వంగి కూర్చుని ఉన్నారు. శ్రీధర్ చేతికి సెలైన్. సుజాత కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆయన వైపు చూడటం లేదు.

"ఏమనుకోకుండ్రి అన్నా" అంది కిటికీకేసి చూస్తూనే. "గీయనను ఇంక అడివికి పంపేది లేదు. నీళ్లు మీరే చూస్తుండ్రని నేను నిమ్మళంగుంటి."

"అనుకునేదేముందమ్మా. నీళ్లు నేనే చూశా" అన్నారు ఆయన.

శ్రీధర్ సర్దబోయాడు. "అన్నా, తొవ్వల గ్యాస్ స్టేషన్ల శాండ్‌విచ్ తిన్నం గదా. దాని మీదికి నూకుదాం."

"ఆ శాండ్‌విచ్ నేనూ తిన్నానయ్యా. మీ ఇద్దరి లోపలికీ పోయి, నా లోపలికి పోనిది ఏందో కావాలి." మళ్లీ మొదట్నించీ అడిగారు. కూర ఎవరు వండారు, ఎవరు ముందు తిన్నారు, ఎవరు మంచు నోట్లో వేసుకున్నారు. తడి కనపడ్డ చోటు నుంచి వెనక్కి నడుస్తున్నారు. నేను జవాబులు చెప్తూ పోయాను. ఏ జవాబూ ఆయనకు పనికిరాలేదు.

మధ్యలో శ్రీధర్ పెదాలు తడుపుకున్నాడు. "అన్నా, జరన్ని నీళ్లు."

ఆయన వెంటనే లేచారు. బల్ల మీద మూత పెట్టిన జగ్గు ఉంది, పక్కన కాగితపు కప్పుల దొంతర ఉంది. దొంతర పైనుంచి కొత్త కప్పు తీశారు. తీసి, జగ్గు దగ్గరికి కాకుండా గదిలో మూలనున్న సింకు దగ్గరికి వెళ్లారు. కుళాయి తిప్పి, కప్పులో నీళ్లు పట్టి, ఒకసారి తిప్పి పారబోశారు. మళ్లీ పట్టారు.

ఆ రెండోసారి పారబోయలేదు. అలాగే నిలబడ్డారు. కప్పు నిండింది, పొంగింది, ఆయన వేళ్ల మీదుగా కారుతూనే ఉంది. కుళాయి కట్టలేదు.

"ఈ కప్పుకేమైందని కడుగుతున్నా?" అన్నారు.

ఆ మాట మాతో అన్నారో కప్పుతో అన్నారో తెలియలేదు. తర్వాత ఇటు తిరిగారు.

"అక్కడ గ్లాసులు దేంతో తొలిచాను?"

రోజూ సాయంత్రం వాగు దగ్గర అయ్యే చప్పుడు నాకు గుర్తొచ్చింది. అతిథికి ఇచ్చే గ్లాసు తొలవకుండా ఎలా ఇస్తారు? వాగుకు అడుగు దూరంలో నిలబడి, మరగకాచిన నీళ్లు పోయబోయే గ్లాసును వాగులో ముంచి, తిప్పి, విదిలించి, ఆ తడి మీదే పోసేవారు. మేం చూస్తూనే ఉన్నాం. మాక్కూడా అందులో చూడవలసింది ఏమీ కనపడలేదు. మా ఇళ్లలో ఎవరు నీళ్లిచ్చినా అంతే.

"మరి నీకెందుకు రాలేదన్నా?" అన్నాడు శ్రీధర్.

"నేను గ్లాసులో తాగలా."

సుజాతకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక మొదటిసారి ఆయన వైపు తిరిగింది. ఆమె వంటింట్లో కూడా గ్లాసులుంటాయి. ఆయన కుళాయి కట్టేసి, కప్పును సింకు గట్టు మీద పెట్టి, చేతులు రుమాలుతో తుడుచుకున్నారు.

"అమ్మా, నువ్వియ్యి వాడికి" అని కుర్చీలో కూర్చున్నారు.

శ్రీధర్ కిడ్నీలు దారిలో పడ్డాయి. పది రోజులకు ఇల్లు చేరాడు, పెళ్లి ఫోటోలోలా సన్నగా. దారిలో పడనిది ఆయన. తప్పు దాచుకోవడానికి ప్రయత్నించి ఉంటే మాకు సులువుగా ఉండేది. ఆయన కనపడ్డ ప్రతివాళ్లకీ చెప్పారు. పాట్‌లక్ భోజనాల్లో చెప్పారు, గుళ్లో పూజారికి చెప్పారు, నా మందులు తేవడానికి నాతో వచ్చి మందులషాపు అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పారు. ఆ అమ్మాయి "ఇట్ హ్యాపెన్స్" అంది. "నో" అన్నారు ఆయన. "ఐ డిడ్ ఇట్."

ఆ తర్వాత వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయనే తలుపు తీశారు. "రండి" అన్నారు. ఆగిపోయారు. ఆ తర్వాతి మాట రావలసిన చోట ఏమీ రాలేదు. గుమ్మంలో మేమిద్దరం, ఎటు నడవాలో తెలియని వాళ్లలా, కాసేపు నిలబడ్డాం. లోపలినుంచి వదినగారు ట్రేలో నీళ్లు తెచ్చారు. అప్పటికి ఆయన వెళ్లి కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నారు. టీవీ ఆపేసి ఉంది.

"ఎవరొచ్చినా నన్నే ఇమ్మంటన్నారు" అన్నారు వదినగారు, వంటింట్లో నాతో, గొంతు తగ్గించి. "పెళ్లైన కాడ్నించి ఈయన వంటింట్లోకి వచ్చేది ఆ ఒక్క పనికే. అదీ పాయె. మనవడు అడిగినా లేచి ఇవ్వడంలా. నువ్వైనా చెప్పయ్యా."

నేను చెప్పాను. నేను చెప్తే ఎవరైనా వినగా చూడలేదు కాబట్టి ఆయన వినకపోవడం నాకు కొత్తగా అనిపించలేదు.

మళ్లీ నవంబరు వచ్చింది. ఆయన రానన్నారు. శ్రీధర్ వాళ్లింటికి వెళ్లి సోఫాలో కూర్చున్నాడు, వస్తానని చెప్పేదాకా లేవలేదు. సుజాత ఎలా ఒప్పుకుందని అడిగితే, "ఏడాది సంది ఇంట్ల కూసోని నా పానం తింటుండు. జింకలన్న జర చూస్కోనియ్యుండ్రి" అంది. తర్వాత ఆయనకు ఫోన్ చేసి విడిగా ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఇద్దరూ ఎన్నడూ చెప్పలేదు. ఆయన ఒక షరతు మీద వచ్చారు. నీళ్లు ముట్టుకోరు. ఆ పని నాది.

నాకప్పగించిన తర్వాత జరగవలసిందే జరిగింది. మొదటి సాయంత్రం ఫిల్టరు బయట మరిచిపోయాను. పొద్దున్నకు అది రాయి. సరే, మంచు కరిగిద్దామని గిన్నెలో కుక్కి పొయ్యి మీద పెట్టాను. అడుగున కాసిని నీళ్లు పోసి పెట్టకపోతే మంచు కూడా మాడుతుందని ఆ రోజే తెలిసింది. ఆయన దుంగ మీద కూర్చుని అంతా చూస్తున్నారు. 

మధ్యాహ్నానికి శ్రీధర్ తిరిగొచ్చాడు. షుగరు మనిషికి దాహం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. నోరు పిడచకట్టుకుపోయి ఉంది. ప్లాస్టిక్ కప్పులో నేను పోసిచ్చింది ముక్కు దగ్గర పెట్టుకుని, మంచులో ఒంపేశాడు.

"తమ్మీ, ఇది నీళ్లా, పొయ్యి కడిగినవా?" అని, నన్ను దాటి దుంగ దగ్గరికి వెళ్లాడు. "అన్నా, మంచినీళ్లు."

"వాడున్నాడుగా."

"వాడు ఇచ్చినయి మంచినీళ్లు గావు. నువ్వియ్యి."

"నా చేతి నీళ్లు నీకొద్దయ్యా. అడగబాక."

శ్రీధర్ ఆయన పక్కనే దుంగ మీద కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అన్నా, ఈ ఏడు మా ఆమె మోకాలు ఆపరేషన్‌తోటి ఇన్సూరెన్స్‌ల మనం జేబుల కెళ్లి కట్టే డిడక్టిబుల్ మొత్తం అయిపోయింది. నాకేమన్న గావాల్నంటె ఈ నెలన్నరలనే గావాలె. జనవరి వస్తె మల్ల మొదటికొస్తది. లెవ్వు, నీళ్లియ్యి."

ఆయన లేచి, నేను మాడబెట్టిన గిన్నె అందుకుని, బూడిదతో తోమడానికి కూర్చున్నారు. తోమిన గిన్నెతో వాగు వెంట పైకి నడిచారు. ఆరెంజ్ జాకెట్టు చెట్ల మధ్య వంగుతూ లేస్తూ కనపడి, ఆ తర్వాత కనపడలేదు. ఈసారి శ్రీధర్ ఇంకెంత దూరమని కేకెయ్యలేదు.

వచ్చాక గిన్నె పొయ్యి మీద పెట్టి, నీళ్లు తెర్లుతున్నా దించకుండా నిలబడ్డారు. అదే మరిగే నీళ్లు కప్పులో పోసి, తిప్పి, పారబోసి, మళ్లీ పోసి, మళ్లీ పారబోశారు. కప్పును తలకిందులుగా పట్టుకుని ఆఖరి చుక్క రాలేదాకా ఆగారు. చల్లారిన తర్వాత నింపారు. అరచెయ్యి కింద ఆనించి శ్రీధర్ దగ్గరికి తెచ్చారు.

శ్రీధర్ చెయ్యి చాపాడు. ఆయన ఇవ్వలేదు. నేను అన్నేళ్లలో ఎన్నడూ చూడనిది, కప్పును తన నోటికి ఆనించుకుని, అతిథి ఎదురుగా నిలబడి ఉండగా, తాను సగం తాగారు.

"ఆగు. నాకేమీ కాకపోతే అప్పుడు తాగుదువు" అన్నారు.

"ఎంతసేపట్ల తెలుస్తదన్నా?"

ఆయన నిజంగానే ఆలోచించారు.

"రెండు వారాలు."

శ్రీధర్ అంతసేపు ఆగలేదు. ఆయన చేతిలోని ఎంగిలి కప్పు తీసుకుని మిగతా సగం తాగేశాడు.